‘బేడ’ అన్నందుకు ఏం పంచాలి?

పసిపిల్లల పెంపకం గురించి పాఠకులు పంపిన ప్రశ్నలకు బెంగళూరులో స్థిరపడిన పిల్లల వైద్యురాలి సమాధానాలు

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది భీమవరం. ఉద్యోగాల కోసం వచ్చి తొమ్మిదేళ్ళుగా బెంగళూరు జేపీ నగర్‌లో ఉంటున్నాం. మా పాపకు ఇప్పుడు 22 నెలలు. మా అమ్మకు పిల్లల ఎదుగుదలంతా పిండివంటల లెక్క. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఒక్కొక్కదానికీ రైలెక్కి వచ్చి, వండి, మా అంతస్తులోని నాలుగిళ్ళకూ పంచి వెళ్ళింది. పాకుండలు మాత్రం మిగిలిపోయాయి, ఎందుకంటే మా పాప అసలు పాకనే లేదు. కూర్చున్నచోటి నుంచే దేకుతూ ఇల్లంతా చుట్టి, పదిహేనున్నర నెలల వయసులో ఒక సాయంత్రం మంచం పట్టె వదిలి తిన్నగా వంటగదిలోకి నడిచి వచ్చింది. పాకకుండా నడిచిన పిల్లకు నడుము గట్టిపడదని అప్పట్లో ఎవరో అన్న మాట ఇప్పటికీ నా మనసులోంచి పోలేదు.

కానీ నేను ముఖ్యంగా రాయాలనుకున్నది మరొకటి. ఆరు నెలల వయసులో ఎవరు చేతులు చాపినా వెళ్ళిపోయిన పిల్ల, లిఫ్టులో ఎదురైన కొరియర్ అబ్బాయికి కూడా బోసినవ్వు నవ్విన పిల్ల, ఇప్పుడు పూర్తిగా వేరే మనిషిలా అనిపిస్తోంది. పగలు పాపను చూసుకునే పెద్దావిడ కన్నడ మనిషి, పాప ఆవిడను ‘అజ్జి’ అని పిలుస్తుంది. ఆవిడ దగ్గర నేర్చుకున్న ‘బేడ’, అంటే ‘వద్దు’ అన్న మాట, మూడు నెలలుగా మా ఇంటిని ఏలుతోంది. అన్నం తిందామా అంటే బేడ, లాల పోసుకుందామా అంటే బేడ, ఆఖరికి నోరు తెరిచి ముద్ద అందుకుంటూ కూడా బేడ. చెప్పులు తనే తొడుక్కోవాలి. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుందని నేను సరిచేస్తే, రెండూ విప్పేసి మళ్ళీ మొదటి నుంచి అదే తప్పుతో వేసుకుంటుంది. మావారు ఆఫీసు నుంచి రాగానే హెల్మెట్‌ను ఎప్పుడూ పెట్టే చోట పెట్టేదాకా ఆయన వెంటే తిరుగుతుంది. మా అత్తగారు ఇదంతా చూసి ‘మేనత్త పోలిక, మొండిఘటం’ అని తేల్చేశారు. పగలంతా బంగారంలా ఉందని అజ్జి చెబుతుంది, ఏడింటికి నేను గడపలో అడుగుపెట్టగానే మాత్రం ఏదో ఒక వంకతో నేలమీద పడి ఏడుస్తుంది.

మా అపార్ట్‌మెంట్ ఆటస్థలంలో పాప ఈడు బాబు ఒకడున్నాడు. వాడు వచ్చీ రాగానే జారుడుబల్ల ఎక్కుతాడు, ఒకటి నుంచి పది దాకా అప్పజెబుతాడు. మా పాప స్తంభం పట్టుకుని పావుగంట అలా చూస్తూ నిలబడుతుంది, మధ్యమధ్యలో వెనక్కి తిరిగి నేనున్నానో లేదో చూసుకుంటుంది. ఇంటికి వచ్చాక దిండును గోడకు వాల్చి బొమ్మను దాని మీంచి జారుస్తుంది, తన బిస్కెట్‌లో ముక్క విరిచి దానికి పెడుతుంది. మాటలు నలభై దాకా వచ్చాయి, అందులో సగం కన్నడం. ‘అజ్జి బా’, ‘నీళ్ళు బేడ’ అని కలిపి అంటుంది. పాలను నా దగ్గర ‘పాలు’ అంటుంది, అజ్జి దగ్గర ‘హాలు’ అంటుంది. రెండు భాషలు కలిసిపోతే ఏదీ సరిగా రాదని, ఇంట్లో కన్నడం ఆపించమని బంధువులు చెబుతున్నారు. ఏ నెలకు ఏం చేయాలో చెప్పే పట్టికలు వాట్సాప్ గ్రూపులో రోజుకొకటి వస్తున్నాయి, ఒకదానికీ మరొకదానికీ పొంతన ఉండటం లేదు. ఇది మొండితనమా, స్వభావమా, లేక నేను పట్టించుకోవలసిన లోపం ఏదైనా ఉందా? మా అమ్మ మాత్రం ఫోనులో నవ్వుతూ, ‘బేడ’ అన్నందుకు ఏం చేసి పంచాలో తన లెక్కలో లేదంటోంది.
— ఒక తల్లి, జేపీ నగర్, బెంగళూరు

జవాబు: అమ్మా, ముందు మీ అమ్మగారి లెక్కతోనే మొదలుపెడతాను, ఎందుకంటే వాట్సాప్ పట్టికల కంటే అందులో ఒక మంచి గుణం ఉంది. అందులో వరస ఉంది కానీ తేదీ లేదు. బొబ్బట్లు ఫలానా నెలలోనే చేయాలని ఏ అమ్మమ్మా అనలేదు, పిల్ల బోర్లా పడిన రోజే పండుగ. ఇక పాకుండల సంగతి. దేకడం అని తెలుగులో ప్రత్యేకంగా ఒక మాట ఉందంటేనే, అలా కదిలే పిల్లలు మన ఇళ్ళలో ఎప్పటి నుంచో ఉన్నారని అర్థం. ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంతో పాటు ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలలో 816 మంది పిల్లలను నెలల తరబడి గమనించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, నూటికి నలుగురు చేతులూ మోకాళ్ళ మీద పాకకుండానే నడకకు వచ్చారు. ఒంటరిగా నడవడం ఆ పిల్లలలో 8.2 నెలల నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా మొదలైంది. మీ పాప పదిహేనున్నర నెలలకు నడిచింది కాబట్టి నడుము గురించి విన్న మాటను ఇక మరిచిపోవచ్చు. 18 నెలలు నిండినా ఆసరా లేకుండా అడుగు వేయని పిల్లలను మాత్రం వైద్యులకు చూపించాలి.

పట్టికలకు పొంతన లేకపోవడానికి కూడా కారణం ఉంది. వాటిలో చాలావాటికి మూలం అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రాలు, అంటే సీడీసీ, తయారుచేసిన జాబితా. సుమారు సగం మంది పిల్లలు ఒక పనిని ఏ వయసుకు చేస్తారో పాత జాబితాలో ఆ వయసు వేసేవారు, అంటే దాన్ని చూసి మిగిలిన సగం మంది తల్లిదండ్రులు దిగులుపడాలన్నమాట. 2022లో దాన్ని మార్చి, నూటికి 75 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది చేయగలిగే వయసును వేశారు. మీ గ్రూపులో తిరుగుతున్నవాటిలో పాతవీ కొత్తవీ కలిసిపోయి ఉంటాయి. ఎవరు, ఏ సంవత్సరంలో, ఎంతమంది పిల్లలను చూసి రాశారో చెప్పని పట్టికను చదవకుండా తీసేయడమే మేలు.

ఇప్పుడు ‘బేడ’ దగ్గరికి వస్తాను. మేము వైద్యులం తల చుట్టుకొలత రాసుకుంటాం, బరువు రాసుకుంటాం, టీకా తేదీలు రాసుకుంటాం, చెప్పులు ఎవరు తొడిగారన్నది ఏ కాగితం మీదా రాసుకోం. కానీ ‘వద్దు’ అనడానికి ఒక పిల్ల మనసులో ఎంత పని జరగాలో ఆలోచించండి. తనకంటూ ఒక కోరిక ఉందని తెలియాలి, ఎదుటివారి కోరిక దానికంటే వేరని తెలియాలి, ఆ తేడాను మాటతో నిలబెట్టవచ్చని తెలియాలి. 1997లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఒక ముచ్చటైన ప్రయోగం చేశారు. పిల్లల ముందు ఒక గిన్నెలో బిస్కెట్లు, మరో గిన్నెలో పచ్చి బ్రకోలీ పెట్టి, పెద్దావిడ బిస్కెట్ కొరికి ముఖం చిట్లించి, బ్రకోలీ నమిలి ఎంతో బాగున్నట్టు ఆనందించి, ఆ తరువాత ‘నాకు కొంచెం పెట్టు’ అని చేయి చాపింది. 14 నెలల పిల్లలు తమకు ఇష్టమైన బిస్కెట్లనే ఆవిడ చేతిలో పెట్టారు, 18 నెలల పిల్లలు తమకు నచ్చకపోయినా ఆవిడకు నచ్చిన బ్రకోలీని ఇచ్చారు. నా రుచి వేరు, నీ రుచి వేరు అన్న తెలివి ఆ నాలుగు నెలల తేడాలో వచ్చిందన్నమాట. మీ ఇంటి ‘బేడ’ ఆ తెలివికే రెండో ముఖం.

మీరు ఇంట్లోనే చేసి చూడదగినది మరొకటి ఉంది. ముఖం తుడుస్తున్నట్టు తుడుస్తూ, పాపకు తెలియకుండా ముక్కు కొన మీద కాస్త కుంకుమ అద్ది అద్దం ముందు నిలబెట్టండి. 1972లో మొదటిసారి ఇలా పరీక్షించినప్పుడు, ఏడాది పిల్లలు అద్దంలోని పాపాయిని ఎవరో అనుకుని ఆడుకోబోయారు, 20 నెలలు దాటినవారిలో ఎక్కువ మంది తమ ముక్కును తామే తడుముకున్నారు. తడుముకోకపోతే బెంగపడకండి, కొందరికి ఇంకొన్నాళ్ళు పడుతుంది. కానీ 22 నెలల మీ పాప తడుముకుంటే, చెప్పుల విషయంలో అంత పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో మీకే అర్థమవుతుంది. ‘నేను’ అనే ఒక మనిషి ఉందని ఈ మధ్యనే తెలిసిన పిల్ల, ఆ మనిషి చెప్పులు ఆ మనిషే తొడుక్కోవాలని అనుకోవడంలో వింత లేదు. ఎడమ చెప్పు కుడికాలికి వేసుకుని పార్కు దాకా నడిస్తే కాలికేమీ కాదు, వదిలేయండి. ముద్ద అందుకుంటూ కూడా బేడ అంటోందంటే అది తిరస్కారం కానే కాదు. కొత్త గిలక్కాయను ఆడించి చూసుకున్నట్టు కొత్త మాటను ఆడించి చూసుకుంటోంది.

అయితే ఒక చిన్న తప్పు మీ వైపు నుంచి కూడా జరుగుతోందని మీ ఉత్తరమే చెబుతోంది. ‘తిందామా’, ‘లాల పోసుకుందామా’ అని అడుగుతున్నారు. అడిగిన ప్రశ్నకు పాప జవాబు చెబుతోంది, ఆ జవాబు మీకు నచ్చడం లేదు, అంతే కదా! స్నానం తప్పనిసరైనప్పుడు స్నానం గురించి అడగకండి, ఎర్ర మగ్గా, పచ్చ మగ్గా అని అడగండి. అన్నం దగ్గర ముందు పప్పన్నమా, పెరుగన్నమా అని అడగండి. నిజంగా వద్దనే హక్కు ఉన్న చోట, అంటే ఏ గౌను వేసుకోవాలి, పక్కింటి ఆంటీకి ముద్దు పెట్టాలా అక్కరలేదా వంటి వాటిలో, పాప వద్దంటే దాన్ని మన్నించండి. పొయ్యి, బాల్కనీ కటకటాలు, లిఫ్టు తలుపు, రోడ్డు, ఈ నాలుగింటి దగ్గర మాత్రం ఇంట్లో అందరిదీ ఒకటే మాట ఉండాలి, అక్కడ బేరం లేదు. మరో సంగతి, బేడ అన్న ప్రతిసారీ అందరూ నవ్వితే అది నాటకమవుతుంది, కోప్పడితే యుద్ధమవుతుంది. విననట్టు ఊరుకుని చేతిలో పని చేసుకుపోవడమే మంచిది.

ఏడింటి ఏడుపు గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఉద్యోగం చేసే తల్లులు దాన్ని తమ మీద ఫిర్యాదుగా తీసుకుని కుమిలిపోవడం ఈ ఊళ్ళో నేను చాలాసార్లు చూశాను. పగలంతా అజ్జి దగ్గర సర్దుకుపోయిన పిల్ల, సర్దుకుపోవలసిన అవసరం లేని మనిషి ఎదురు కాగానే మూట విప్పేస్తుంది. దానికి తోడు ఆ వేళకు ఆకలి, నిద్ర రెండూ ఉంటాయి. ఏడాది నుంచి రెండేళ్ళ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి, ట్రాఫిక్‌లో మీకు గంట ఆలస్యమైతే ఆ భారం పాప మీద కూడా పడుతుంది. మీరు రాకముందే అజ్జి చేత ఏదైనా తినిపించమనండి. వచ్చాక ఫోను, సంచి పక్కన పడేసి, మాటలేమీ చెప్పకుండా పది నిమిషాలు నేలమీద పాప పక్కనే కూర్చోండి. కోరికలు పెరిగినంత వేగంగా మాటలు పెరగకపోవడమే ఈ వయసు ఏడుపులకు పెద్ద కారణం, ఆ వేళ ఉపదేశం చేస్తే ఆమెకు చేరదు.

స్తంభం దగ్గర నిలబడటం గురించి మీరు రాసిన నాలుగు వాక్యాలను రెండుసార్లు చదివాను. న్యూయార్క్‌లో అలెగ్జాండర్ థామస్, స్టెల్లా చెస్ అనే వైద్య దంపతులు 1956లో మొదలుపెట్టి, నూట ముప్పైకి పైగా పిల్లలను పసితనం నుంచి పెద్దయ్యేదాకా గమనించారు. వారిలో నూటికి 40 మంది దేనికైనా తేలికగా అలవాటుపడేవారు, 10 మంది ప్రతిదానికీ తీవ్రంగా ప్రతిఘటించేవారు, 15 మంది కొత్త చోటును, కొత్త మనుషులను దూరం నుంచి చూసి చూసి మెల్లగా దగ్గరయ్యేవారు. మిగిలిన 35 మంది ఏ గుంపులోనూ ఇమడలేదు, నాకు ఆ అధ్యయనంలో అన్నిటికంటే నచ్చే సంగతి అదే. ఒక స్వభావం దానంతట అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, ఇంటి పద్ధతి ఆ స్వభావానికి ఎంతవరకు కుదిరిందన్నదే ముఖ్యమని వారు తేల్చారు. మీ పాప ఆ మూడో రకానికి దగ్గరగా ఉన్నట్టుంది. చూసినదాన్ని మనసులో పెట్టుకుని, ఇంటికి వచ్చాక దిండు వాల్చి బొమ్మను జార్చిన పిల్ల, ఆ పావుగంటా ఊరికే నిలబడలేదు. ఆ పక్కింటి బాబు పది అంకెలు చెప్పడం ముచ్చటే. అయితే పది అంకెలు అప్పజెప్పడం కంటే, ఆకలి లేని బొమ్మకు ఆకలి ఉన్నట్టు ఊహించి బిస్కెట్ ముక్క పెట్టడం చిన్న పనేమీ కాదు.

ఆటస్థలానికి మిగతా పిల్లలు రాకముందే, అంటే ఐదింటికి బదులు నాలుగున్నరకే తీసుకువెళ్ళమని అజ్జికి చెప్పండి. గుంపు చేరాక వెళ్ళడం కంటే, తను ముందే ఉన్న చోటికి ఒక్కొక్కరూ రావడం ఇలాంటి పిల్లలకు సులువు. ఆదివారం కబ్బన్ పార్కుకు వెళితే జనం తక్కువగా ఉండే ఉదయం వేళ వెళ్ళండి. చేయి పట్టుకుని ముందుకు నెట్టవద్దు, ‘మా పాపకు సిగ్గండీ’ అని పాప వినేలా అనవద్దు. ‘మేనత్త పోలిక’ అన్న మాట అత్తగారు ముద్దుగా అంటే ఇబ్బంది లేదు, ‘మొండిఘటం’ అన్నదాన్ని మాత్రం మెల్లగా మాన్పించండి. పిల్లలు తమకు పెట్టిన పేర్లకు తగ్గట్టు నడుచుకోవడం మొదలుపెడతారు.

భాష సంగతి క్లుప్తంగా చెబుతాను. పిల్లల మాటలను అన్ని భాషలూ కలిపి లెక్కపెట్టాలి. నేను పైన చెప్పిన కొత్త జాబితా ప్రకారం 18 నెలలకు అమ్మ, నాన్న కాక మూడు మాటలైనా పలకబోవాలి, రెండేళ్ళకు రెండేసి మాటలు కలపాలి, రెండున్నరేళ్ళకు యాభై దాకా మాటలు రావాలి. మీ పాప నలభై మాటలతో, ‘నీళ్ళు బేడ’ వంటి వాక్యాలతో హాయిగా ముందే ఉంది. మీ దగ్గర పాలు, అజ్జి దగ్గర హాలు అని ఎంచుకుని పలుకుతున్న పిల్లకు భాషలు కలిసిపోలేదు, ఏది ఎవరిదో బాగా తెలుసు. తెలుగు పకారం కన్నడంలో హకారమయ్యే ఆ సంగతిని మనం వ్యాకరణ పుస్తకాల్లో చదువుకున్నాం, ఆమె గ్లాసు పట్టుకుని నేర్చుకుంది. కన్నడం ఆపించకండి, మీరు తెలుగులో మాట్లాడటం తగ్గించకండి. ఫోను తెర మీద పాటలతో మాటలు నేర్పించే పని మాత్రం వద్దు. రెండేళ్ళలోపు పిల్లలకు తెర అసలు చూపవద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది, బంధువులతో అప్పుడప్పుడు మాట్లాడే వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చింది. భీమవరం అమ్మమ్మగారికి ఇబ్బందేమీ లేదు.

లోపం ఏదైనా ఉందా అని అడిగారు. వేలు పెట్టి చూపించడం, పేరు పిలిస్తే తిరిగి చూడటం గురించి మీరు రాయలేదు, ఆ రెండూ ఉంటే నాకు ఏ సందేహమూ లేదు. వెనక్కి తిరిగి మిమ్మల్ని చూసుకుంటోందన్న ఒక్క మాటతోనే నాకు చాలావరకు ధైర్యం వచ్చింది. 16 నుంచి 24 నెలల మధ్య వేయించవలసిన బూస్టర్ టీకాలు ఇంకా వేయించకపోతే ఈ నెలలో వేయించండి, అప్పుడు మీ వైద్యులు పాపను ఒకసారి చూసినట్టూ ఉంటుంది. మీ అమ్మగారి ప్రశ్నకు నా సలహా బూరెలు. మొదటి అక్షరం కలిసింది, పూర్ణం కూడా ఎటూ ఉంటుంది. వచ్చినప్పుడు ఆ బాకీ పడ్డ పాకుండలు కూడా, దేకినందుకు లెక్కగట్టి, చేసేయమనండి.

ప్రశ్న: మా బాబుకు 20 నెలలు. ఏడాది వయసులో అత్త, తాత, బువ్వ, కాకి అని ఆరేడు మాటలు స్పష్టంగా అనేవాడు. రెండు నెలలుగా ఒక్కటీ అనడం లేదు. పిలిస్తే ఎప్పుడో కానీ తిరగడు, బొమ్మకారు చక్రాన్ని మాత్రం చాలాసేపు తిప్పుతూ కూర్చుంటాడు. మగపిల్లలకు మాటలు ఆలస్యమని, నాకు కూడా మూడేళ్ళకే వచ్చాయని మా అమ్మ అంటోంది. ఎన్నాళ్ళు చూడవచ్చు?
— ఒక తండ్రి, వైట్‌ఫీల్డ్, బెంగళూరు

జవాబు: చూడవద్దు. మాటలు ఆలస్యంగా రావడం వేరు, వచ్చిన మాటలు పోవడం వేరు. మీ అమ్మగారు చెప్పినది మొదటిదానికి కొంతవరకు చెల్లుతుంది, రెండోదానికి చెల్లదు. వచ్చిన నేర్పు ఏ వయసులో పోయినా, ఈ వారంలోనే పిల్లల వైద్యులకు చూపించాలి. ముందు వినికిడి పరీక్ష చేయించండి, తలుపు చప్పుడుకు ఉలిక్కిపడుతున్నాడు కదా అని దాన్ని వదిలేయకండి, ఎందుకంటే పెద్ద శబ్దాలు వినబడినా మాటలోని సన్నని ధ్వనులు వినబడని పిల్లలు ఉంటారు. దానితో పాటు 16 నుంచి 30 నెలల పిల్లల కోసం ఉన్న ఎమ్‌-చాట్ అనే ప్రశ్నావళి నింపమని అడుగుతారు. అందులో 20 ప్రశ్నలు ఉంటాయి, తల్లిదండ్రులే అవును, కాదు అని జవాబివ్వాలి. అందులో ఏం తేలినా అది రోగ నిర్ధారణ కాదు, ఆటిజం గురించి మరింత లోతుగా చూడాలా వద్దా అన్నది మాత్రమే దాంతో తెలుస్తుంది. బెంగళూరులో నిమ్హాన్స్‌లో పిల్లల మానసిక వైద్య విభాగం ఉంది. మైసూరులో 1965 నుంచి నడుస్తున్న అఖిల భారత వాక్ శ్రవణ సంస్థలో వినికిడి, మాట రెండింటినీ ఒకేచోట చూస్తారు.

మీ బాబుకు ఏముందో ఉత్తరం చదివి నేను చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఏది తేలినా, రెండేళ్ళలోపు మొదలుపెట్టిన శిక్షణకూ నాలుగేళ్ళకు మొదలుపెట్టిన దానికీ ఫలితంలో తేడా ఉంటుంది కాబట్టి తొందరపెడుతున్నాను. వెళ్ళేటప్పుడు ఏడాది వయసులో బాబు మాట్లాడుతుండగా తీసిన వీడియోలు ఫోనులో ఉంటే వెతికి పెట్టుకోండి. ఇప్పుడు ఆడుకుంటున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, మీరు పేరు పెట్టి పిలుస్తున్నప్పుడు రెండేసి నిమిషాలు కొత్తగా తీయండి. కొత్త గదిలో, కొత్త మనుషుల ముందు పిల్లలు మరోలా ఉంటారు, ఆ పాత వీడియోలు, ఈ కొత్తవి పక్కపక్కన చూస్తే వైద్యులకు మీ మాటల కంటే అవే ఎక్కువ చెబుతాయి.